పాట పంచినవాడు దొంగయా?

పాటనొక ఫోనునుండి మఱియొక ఫోనులోనికి ఎక్కించి యిచ్చిన మనుష్యుని ఏమి చేయవలెను? 1957 సంవత్సరపు కాపీరైటు చట్టములో 63వ సెక్షను విప్పి చూడుడు. ఇతరుల హక్కునకు తెలిసి భంగము కలిగించినవానికి ఆరు మాసములకు తక్కువ గాకుండ మూడేండ్ల వఱకు చెఱ. ఏబదివేల రూపాయలకు తక్కువ గాకుండ రెండు లక్షల వఱకు జుర్మానా. ఇది చాలదన్నట్లు 2022 మే 20వ తేదీన సుప్రీంకోర్టువారు నిట్ ప్రో కంపెనీ వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, ఈ నేరమునకు పోలీసులు వారంటు లేకయే పట్టుకొనవచ్చుననియు, నిందితునికి జామీను హక్కుగా లభింపదనియు నిర్ణయించిరి.

ఇక 2024 జూలై 1వ తేదీనుండి అమలులో నున్న భారతీయ న్యాయసంహిత 303వ సెక్షనును దీని ప్రక్కన పెట్టి చదువుడు. అయిదువేల రూపాయలకు తక్కువైన వస్తువును మొదటిసారి దొంగిలించి పట్టుబడినవాడు ఆ వస్తువునో దాని వెలనో తిరిగి యిచ్చివేసెనా, వానికి శిక్ష సమాజసేవ మాత్రమే. అనగా పొరుగింటి కోడిని పట్టుకొనిపోయినవాడు కోడిని ఒప్పజెప్పి, నాలుగు దినములు బజారు ఊడ్చి యింటికి పోవచ్చును. కోడిమీది పాటను మిత్రునికి పంచినవాడు చెఱసాలకు పోవలెను! కోడి పోయిన యింట కోడి లేదు. పాట పంచిన యింట పాట ఉన్నది, మిత్రుని యింటను ఉన్నది. ఈ రెంటిలో ఏది హెచ్చు నేరమో మన శాసనకర్తలు ఏ తూనికరాతితో తూచిరో మాకు బోధపడకున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజారులను ఎఱిగినవారికి ఈ ప్రశ్న పుస్తకములలోని ప్రశ్న కాదు. ముప్పది, నలువది యేండ్ల క్రిందట క్యాసెట్ల దుకాణమునకు పోయి, కావలసిన పాటల పేర్లు కాగితముమీద వ్రాసి యిచ్చి, రెండు దినములకు నిండిన క్యాసెట్టును తెచ్చుకొననివారు ఈ పట్టణములలో ఎందఱుందురు? తరువాత ఒక్క సీడీలో నూఱు పాటలు వచ్చినవి. ఆ తరువాత వేలిగోరంత మెమరీ కార్డులోనికి వేయి పాటలు ఎక్కినవి. హైదరాబాదు విజయవాడ రహదారిపై లారీ నడుపువాడు సూర్యాపేటలోనో కోదాడలోనో బండి నిలిపి, పదియో ఇరువదియో రూపాయలిచ్చి, రాత్రి ప్రయాణమునకు కావలసిన పాటలను ఎక్కించుకొని పోయెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో బస్తాలు మోయు హమాలీ అట్లే చేసెను. 2016లో జియో కంపెనీవారు చౌకగా ఇంటర్నెట్టును అమ్మజూపిన పిమ్మట దుకాణముల పని తగ్గినది. కాని అలవాటు పోలేదు. నేడు అదే పాట వాట్సాపులో ఊరినుండి దుబాయికి పోయి, దుబాయినుండి తిరిగి ఊరికి వచ్చుచున్నది.

ఇదంతయు నేరమే యనుకొందము. అట్లయిన ఆ నేరస్థులకు చాలునంత చెఱసాలను కట్టించుటకు మన ప్రభుత్వముకడ స్థలము కలదా? ఉపాధ్యాయులు, వకీళ్లు, పోలీసు జవానులు, మునిసిపలు సభ్యులు, ఈ పత్రికను చదువరిశాలలో బిగ్గరగా చదివి వినిపించు పెద్దమనుష్యులు, ఎవరి ఫోనులో లేవు పంచుకొన్న పాటలు?

“అందఱిని పట్టుకొనరు గదా, మీకేల చింత?” అని కొందఱనవచ్చును. మా చింత అదియే. అందఱికి వర్తించి, కొందఱిమీద మాత్రమే ప్రయోగింపబడు శాసనము శాసనము కాదు. అధికారి చేతిలోని ములుగఱ్ఱ. ఈ ప్రాంతమువారికి దీనిని విడమరచి చెప్ప నక్కఱలేదు. నైజాము సర్కారు గస్తీ నిశాన్ 53 అను ఆజ్ఞ తెచ్చి, అనుమతి లేనిదే సభ కూడరాదని శాసించినది. ప్రతి సభను ఆపలేదు. తమకిష్టము లేని సభను ఆపినారు. ఆజ్ఞ ఉన్నదన్న భయము మాత్రము ప్రతి యూరిలోను ఉండెను. నేడు ఒక దుకాణదారుడు ఎవనికో మామూలు ఇయ్యలేదనియో, ఎవనితోనో తగవాడెననియో, ఈ 63వ సెక్షను వానిమీదికి లేచినచో వాడు ఏమి చెప్పుకొనగలడు?

శాసనములో దయగల మాట ఒక్కటి లేకపోలేదు. వ్యాపారములో లాభము కొఱకు చేయని భంగమైనచో, న్యాయమూర్తి “ప్రత్యేకమైన, చాలినంత” కారణములను తీర్పులో వ్రాసి, శిక్షను తగ్గింపవచ్చునట! లాభాపేక్ష లేనివాడు మొదటినుండియు నేరస్థుడు కాడని చెప్పుటకు నోరు రాలేదు. ముందు వానిని పట్టుకొని, ఠాణాలో కూర్చుండబెట్టి, కోర్టులచుట్టు త్రిప్పి, తుదకు కనికరింపవచ్చునని మాత్రము చెప్పినారు.

ఇంకొక వింత వినుడు. ఇదే చట్టపు 52వ సెక్షను ప్రకారము, ఎవరి మట్టుకు వారు సొంత ఉపయోగమునకై న్యాయముగా వాడుకొనుట భంగము కాదు. పెండ్లి ఊరేగింపులోను, పెండ్లికి సంబంధించిన వేడుకలలోను రికార్డు పాటను వినిపించుటయు భంగము కాదు. పెండ్లిండ్లకు వచ్చి రుసుము అడుగరాదని 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వమువారు ప్రత్యేకముగా ప్రకటన చేయవలసి వచ్చినది. రుసుము వసూలు చేయువారి ఆకలి అట్టిది. కావున బరాతులో డీజే పెట్టెలు మ్రోగించి, ఊరంతటికి నిద్ర లేకుండ చేసి, వేయిమందికి పాట వినిపించినవాడు నిర్దోషి. ఆ పాటనే మఱునాడు ఒక్క మిత్రునికి ఫోనున పంపినవానిని గూర్చి అడిగినచో చట్టము నీళ్లు నమలుచున్నది.

కంపెనీలవారి వాదము మేమెఱుగనిది కాదు. “కవి కష్టపడినాడు, స్వరకర్త కష్టపడినాడు, గాయని కష్టపడినది. వారి కష్టమును మీరు ఉచితముగా అనుభవించుచున్నారు” అందురు. ఎంత చల్లని మాట! ఈ కరుణ ఇంతకాలము ఎక్కడ నిద్రించినదో విచారింతము. 1977లో ఇండియన్ పెర్‌ఫార్మింగ్ రైట్ సొసైటీవారు, అనగా కవుల స్వరకర్తల సంఘమువారు, సినిమా పాటలపై తమకు రుసుము రావలెనని సుప్రీంకోర్టు వఱకు పోయిరి. నిర్మాతలు ఎదురు నిలిచిరి. డబ్బిచ్చి పని చేయించుకొన్న నిర్మాతయే మొదటి హక్కుదారుడని తీర్పు వచ్చినది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యరు వేఱుగ ఒక మాట వ్రాసి, పాడిన గాయకునికి మన చట్టములో స్థానమే లేకపోయెనే యని వగచి, పార్లమెంటు దృష్టికి తెచ్చెను. పార్లమెంటువారి చెవికి అది సోకి, గాయకునికి ప్రదర్శకుని హక్కు అను నొకటి కలుగుటకు 1994 వఱకు కాలము పట్టినది. కవికి, స్వరకర్తకు పాట రాబడిలో సమాన భాగముండవలెననియు, ఆ భాగమును కాగితము వ్రాయించుకొని కాజేయరాదనియు సవరణ వచ్చుటకు 2012 వఱకు పట్టినది. ఆ సవరణ కొఱకు జావేద్ అఖ్తరు రాజ్యసభలో నిలిచి వాదింపవలసి వచ్చినది. ఆనాడు అడ్డుపడినవారు సెల్‌ఫోను దుకాణదారులు కారు, లారీ డ్రైవర్లు కారు.

మన దాశరథి 1987లో గతించెను. ఆత్రేయ 1989లో, వేటూరి 2010లో గతించిరి. సవరణ వచ్చినది 2012లో. తెలుగువాని నోట నిత్యము మెదలు పాటలను వ్రాసినవారు ఆ హక్కును కన్నులార చూడకయే పోయిరి. వారి పాటలను కంపెనీలు క్యాసెట్టుగా అమ్మినవి, సీడీగా అమ్మినవి, ఫోను మ్రోతగా అమ్మినవి. ఇప్పుడు కవి పేరు చెప్పి మన యువకులను దొంగలని పిలుచుచున్నవి! కవి సొమ్ము కొఱకు కంపెనీలు కన్నీరు కార్చుట, చేపల క్షేమము కొఱకు కొంగ తపస్సు చేసినట్లున్నది.

హక్కులను గూర్చిన తగవులు కంపెనీలకును శ్రోతలకును నడుమ మాత్రమే కలుగునవియు కావు. 2017 మార్చిలో ఇళయరాజా తన పాటలను అనుమతి లేక వేదికలపై పాడరాదని ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యమునకు వకీలు నోటీసు పంపించెను. స్వరము కట్టినవాడు ఒకడు, దానికి గొంతు నిచ్చినవాడు ఒకడు. ఇరువురును దశాబ్దముల స్నేహితులు. ఎవరి పక్షమున న్యాయము కలదను విచారము ఇక్కడ అనవసరము. తన గొంతునుండి పుట్టిన పాటనే పాడుటకు అంతటి గాయకునికి చిక్కు వచ్చినదనగా, ఈ శాసనపు నేత ఎంత చిక్కుబడి యున్నదో చదువరులే ఊహింపవచ్చును.

ఈ మూడు పట్టణముల చుట్టునున్న పల్లెలలో పాట ఎట్లు పుట్టినది, ఎట్లు బ్రదికినది? 1941లో చిలుకూరులో ఆంధ్రమహాసభ జరిగినది. రావి నారాయణరెడ్డి దానికి అధ్యక్షుడు. ఆ చిలుకూరు కోదాడకు కూతవేటు దూరము. ఆ పిమ్మటి పోరాట దినములలో సభకు అనుమతి లేదు, పత్రికకు స్వేచ్ఛ లేదు, చదువు వచ్చినవారు నూటికి పదిమంది లేరు. అయినను ఊరూరికి వార్త పోయినది. పాట పోయినది గనుక వార్త పోయినది. తుంగతుర్తి ప్రాంతమున పుట్టి పోరాటములో ప్రాణమిచ్చిన బండి యాదగిరిదని జనులు చెప్పుకొను “బండెనక బండి గట్టి” యను పాట ఏ ప్రెస్సునను అచ్చు పడి పల్లెలకు పోలేదు. పశులకాపరి నోటినుండి నాట్లువేయు స్త్రీల నోటికి, అక్కడనుండి దళములోనికి పోయినది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని పట్టుకొని పోరాటపు కథ చెప్పెను. ఆ బాణీ ఆయన పుట్టించినది కాదు. తరతరములుగా గొల్లలు పాడుకొనుచుండినది. బుఱ్ఱకథ అంతే. ఎవరిది ఎవరు ఎత్తుకొనిరి? ఎత్తుకొనుట యను మాటయే అక్కడ పొసగదు. పాటను నేర్చుకొని మఱియొకరికి నేర్పుట పుణ్యకార్యమని మాత్రమే వారెఱుగుదురు.

ఇప్పుడు ఆ పాటలను చట్టపు గజముతో కొలిచి చూతము. రచయిత జీవితకాలమును, ఆపైన 60 ఏండ్లును హక్కు నిలుచును. (మొదట 50 ఏండ్లే. 1941లో గతించిన రవీంద్రుని గ్రంథములపై విశ్వభారతి హక్కు 1991తో తీఱిపోవుచున్నదని 1992లో మఱి పదేండ్లు కలిపిరి. ఒక్క కవి గ్రంథముల కొఱకు దేశమందలి సమస్త గ్రంథములకు పదేండ్ల సంకెల!) సాయుధ పోరాటము 1951లో ముగిసినది గనుక, అందులో ప్రాణమిచ్చిన యాదగిరి మాటలపై 2011 తరువాత ఎవరికిని ఏ హక్కును లేదు. హనుమంతు 1982లో గతించెను గనుక ఆయన మాటలపై 2042 వఱకు వారసులకు హక్కు కలదు. ఇరువురి పాటలును గౌతమ్ ఘోష్ తీసిన “మా భూమి” చిత్రములో వినబడినవి. యాదగిరి పాటను గద్దరు తెరమీద గొంగడి కప్పుకొని పాడెను. ఆ చిత్రము 1980 ప్రాంతమున వెలువడినది గనుక, అందలి శబ్దముపై 2040 ప్రాంతము వఱకు హక్కు వేఱుగా కలదు.

అనగా ఒక్క జిల్లాలో, ఒక్క పోరాటములో, ఒక్క పగవానిమీద కట్టిన రెండు పాటలలో ఒకటి విడుదల, ఒకటి బందీ. విడుదలయైన పాటను సైతము పిల్లవాడు తన గొంతుతో పాడినచో ఒప్పు, గద్దరు గొంతుతో పంచినచో తప్పు! సూర్యాపేట పిల్లవానికి ఈ లెక్క ఎవరు నేర్పవలెను? ఏ బడిలో నేర్పుచున్నారు? నేర్పని లెక్క తప్పినందుకు ఆరు మాసముల చెఱయా?

వారసుల హక్కును మేము తృణీకరించుట లేదు. కవి పాటను అమ్ముకొని లాభము తీయువాడు కవి కుటుంబమునకు భాగమియ్యవలసినదే. మా మాట పాటను అమ్మినవానిని గూర్చి కాదు, పంచినవానిని గూర్చి. ఈ రెండు పనులకు నడుమ గీత గీయలేని శాసనము గ్రుడ్డిది.

అమ్మినవారు లేరా? ఉన్నారు. కార్డులోనికి పాటలెక్కించి ఇరువది రూపాయలు తీసికొనిన దుకాణదారుడు వ్యాపారము చేసెననుట నిజము. వానికి చిన్న జుర్మానా వేసిన మేమడ్డుపడము. కాని ఆ దినములలో ఈ పట్టణములలో ఒక్క పాటను న్యాయముగా కొనుక్కొందమన్న అమ్మువాడెవడు? కంపెనీవాడు మహానగరములో కూర్చుండి, పది పాటల పెట్టెను తనకిష్టమైన వెలకు అమ్మెను. అందులో రెండే బాగుండెను. కావలసిన రెండును, కావలసిన వెలకు, కావలసిన చోట దొరకుట ఈ చిన్న దుకాణములోనే. ఇక పెద్దగట్టు జాతర పాటలు, లంబాడీ తండాల పాటలు, బతుకమ్మ పాటలు కంపెనీవారి అంగళ్లలో ఎంత వెదకిన ఎన్ని దొరకెడివి?

సినిమా విడుదలైన దినముననే దానిని దొంగిలించి ఇంటర్నెట్టులో పెట్టి, ప్రక్కన జూదపు ప్రకటనలను వ్రేలాడదీసి, కోట్లు గడించువారి సంగతి వేఱు. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ అను అట్టి స్థలమును నడపుచున్నాడన్న ఆరోపణపై ఒకనిని పట్టుకొనిరి. నేరము ఋజువైనచో అట్టివానికొఱకు మేము కన్నీరు కార్చము. ఉచితముగా చూచితిమని సంతోషించినవారు, తమ్ము జూదపుటంగడికి ఎరగా వాడుకొనిరని గ్రహింతురు గాక. కాని అట్టి వర్తకుని, చెల్లెలి ఫోనుకు బతుకమ్మ పాట పంపిన అన్నను ఒక్క సెక్షను క్రిందనే కట్టివేయుట ఏ నీతి?

అమెరికావారు ఈ త్రోవలో మనకంటె ముందుగా నడిచి, ఎదురుదెబ్బలు తినిరి. 1999లో నాప్‌స్టరు అను సాధనము వచ్చి జనులు పాటలను కంప్యూటరునుండి కంప్యూటరునకు పంచుకొనసాగిరి. కంపెనీలు కోర్టుకు పోగా 2001లో అది మూతబడినది. జనులు వేఱు సాధనములకు పోయిరి. 2003నుండి కంపెనీలు శ్రోతలమీదనే వేలకొలది వ్యాజ్యములు వేసిరి. 24 పాటలు పంచినదని ఒక సామాన్య స్త్రీమీద 2009లో జ్యూరీ వేసిన పరిహారము 19 లక్షల 20 వేల డాలర్లు! పాట యొక్కింటికి 80 వేల డాలర్లు. తరువాత పై కోర్టులో అది 2 లక్షల 22 వేల డాలర్లకు దిగినది. లోకము నవ్వినది. పంచుకొనుట తగ్గలేదు. 2008 చివరకే కంపెనీలు క్రొత్త వ్యాజ్యములు వేయుట మానుకొనిరి. పాటలు చౌకగా, సుళువుగా, న్యాయముగా దొరకుట మొదలైన పిమ్మటనే ఆ రోగము నెమ్మదించినది. మన దేశములో 2016 తరువాత జరిగినదియు అదియే. కోర్టు సాధింపలేని దానిని చౌక వెల సాధించినది.

ఇంతవఱకు కంపెనీ సొత్తును జనులు తీసికొనుటను గూర్చి చెప్పితిమి. జనుల సొత్తును కంపెనీ తీసికొన్నచో చట్టమేమనును? 2021లో “లవ్ స్టోరీ” చిత్రములోని “సారంగదరియా” పాట వెలువడి దేశమంతట మ్రోగినది. దానికి మూలము ఓరుగల్లు వైపున పాడుకొను జానపద గీతము. చిత్రమునకు మాటలు అల్లినవారు సుద్దాల హనుమంతుగారి కుమారులు, జాతీయ పురస్కారమునందిన అశోక్ తేజగారు. ఆ జానపద గీతమును సేకరించి అంతకుముందే టెలివిజనులో పాడిన యొక గాయని, తనకు పాడు అవకాశమును పేరును దక్కలేదని వాపోయినది. వివాదము పత్రికల కెక్కినది. ఇందులో అశోక్ తేజగారిని నిందింపము. జానపదమునుండి పల్లవి గైకొని క్రొత్త చరణములు కట్టుట మన కవులు ఎప్పుడును చేయుచున్న పనియే, వారి తండ్రిగారు చేసినదియు అదియే. మేమడుగునది వేఱు. ఆనాడు హనుమంతు కట్టిన సుద్దులు తిరిగి జనులకే చేరినవి. నేడు జనులనుండి గైకొన్న పాట కంపెనీ పెట్టెలో పడి, దానిమీద ముద్ర పడి, ఆ పాటను పుట్టించిన పల్లెకే పరాయిదగుచున్నది.

ఎట్లందురా? యూట్యూబులో 2007నుండి ఒక యంత్రము కాపలా కాయుచున్నది. ఎవరైన పాట నెక్కించినచో, కంపెనీలు తమవని ముందే దాచుకొన్న పాటలతో దానిని పోల్చి చూచును. పోలిక కనబడినచో ఆ పాటపై వచ్చు రాబడి కంపెనీకి పోవుటయో, పాట మూతబడుటయో జరుగును. బాణీ ముందు పల్లెదా, ముందు కంపెనీదా యని యంత్రము అడుగదు. దానికి తాతముత్తాతలు లేరు. దురాజుపల్లి గట్టుమీద లింగమంతుల స్వామి జాతరలో గొల్లలు పాడు పాటను రేపొక సినిమావాడు ఎత్తుకొన్నాడనుకొందము. ఎల్లుండి ఆ జాతరలో పాడిన గొల్లపిల్లవాని పాటమీదనే కంపెనీ నోటీసు వచ్చుటకు యంత్రములో అడ్డేమియు లేదు. వాడు ఇంగ్లీషులో ఆక్షేపణ వ్రాసి, తన తాత పాటకు తానే సాక్ష్యము తేవలెను. అప్పుడు దొంగ యెవడు?

జానపద సంపదను రక్షించుటకు యునెస్కోవారును ప్రపంచ మేధోసంపద సంస్థవారును 1982లోనే మాదిరి నిబంధనలను వ్రాసి దేశముల ముందు పెట్టిరి. మన పార్లమెంటు 1983, 1984, 1992, 1994, 1999, 2012 సంవత్సరములలో కాపీరైటు చట్టమును సవరించినది. ఒక్కమాఱైన జానపదుని పాట కొఱకు ఒక్క సెక్షనును చేర్చలేదు. కంపెనీకి ఏ క్రొత్త యంత్రమువలన భయము కలిగిన నాడు ఆ యంత్రమునకు తగిన సవరణ వచ్చినది. పల్లెకు భయము కలిగిన నాడు ఢిల్లీకి చెముడు!

తెలంగాణ యుద్యమ దినములను తలచుకొనుడు. అందెశ్రీ వ్రాసిన “జయ జయహే తెలంగాణ” గీతము 2024 జూన్ 2న రాష్ట్రగీతముగా వెలువడినది. అంతకు ముందు పదునైదేండ్లకు పైగా దానిని బ్రదికించినవారెవరు? బడిపిల్లలు, ధూంధాం కళాకారులు, క్యాసెట్టును క్యాసెట్టులోనికి, ఫోనును ఫోనులోనికి ఎక్కించి పంచిన యువకులు. వారందఱును అనుమతి పత్రము కొఱకు కాచుకొని యుండినచో ఆ గీతమునకు ఆ గతి పట్టెడిదా, పట్టెడిది కాదా, చదువరులు చెప్పుదురు గాక. గద్దరు 2023లో కన్నుమూసెను. జననాట్యమండలి పాటల క్యాసెట్లు ఎన్ని చేతులు మాఱి మన పల్లెలకు వచ్చినవో ఆనాటివారు ఎఱుగుదురు.

కావున మేము కోరునది స్పష్టము. 63వ సెక్షనులో “వ్యాపారములో లాభము కొఱకు” అను మాట న్యాయమూర్తి కనికరమునకు హేతువుగా కాక, నేరమునకే లక్షణముగా చేర్చవలెను. లాభము లేక పంచినవానికి చెఱయును వలదు, జుర్మానాయును వలదు. నష్టము నిజముగా కలిగినచో దివానీ కోర్టు ఉన్నది. జానపద గీతములపైన, బాణీలపైన ఏ కంపెనీయును హక్కు చెప్పరాదని చట్టములో వ్రాయవలెను. చెప్పినచో హక్కు నిరూపించు భారము కంపెనీమీదనే ఉండవలెను గాని గొల్లపిల్లవానిమీద కాదు. జానపదముపై కట్టిన సినిమా పాట గడించు సొమ్ములో కొంత, పాటను అందించిన గాయకునికిని ఆ యూరికిని చేరవలెను.

ఢిల్లీవారు కదలు వఱకు మన చేతిలో పని లేకపోలేదు. ఇంటిపన్నుతో కలిపి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను పట్టణవాసులు చెల్లించుచున్నారు. ఆ సొమ్ముతో సూర్యాపేట, నల్లగొండ జిల్లాల గ్రంథాలయ సంస్థలు ఒక్కొక్క యూరి పాటలను ఏల నమోదు చేయరాదు? పాడినవారి పేరు, ఊరు, నేర్చినది ఎవరికడనో, పాడిన తేదీ వ్రాసి, గొంతును భద్రపఱచి, అడిగినవారికెల్ల ఉచితముగా వినిపింపవచ్చును. రేపు ఏ కంపెనీయైన ఇది మాదన్న నాడు ఆ పుస్తకమే సాక్ష్యము. పెద్దగట్టు జాతర రెండేండ్లకొకమాఱు వచ్చును. ఒక గ్రంథాలయ సేవకుని, ఒక ఫోనును అక్కడకు పంపుటకు బడ్జెటు చాలదందురా? పాడువారిలో ముసలివారు హెచ్చు. జాతర జాతరకు ఆ గొంతులు తగ్గుచున్నవి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడును నల్లగొండ లోకసభ స్థానములోనివే. మూడు పట్టణముల చదువరిశాలలును ఒక్క అర్జీపై సంతకములు చేయించి తమ సభ్యునికడకు పంపినచో, ఆయన సభలో లేచి న్యాయశాఖవారిని, వాణిజ్యశాఖవారిని అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: అయిదువేల రూపాయలకు తక్కువైన వస్తువును దొంగిలించినవానికి సమాజసేవయు, పాటను ఉచితముగా పంచినవానికి ఆరు మాసముల చెఱయు ఏ కారణమున విధించితిరి? అర్జీ నకలు మాకును పంపినయెడల సంతకముల సంఖ్యతో సహా ప్రకటింతుము.